సెవిమేస్త్రి ఎంచిన క్యామ్

నవంబరు 3, ఆదివారం

ట్రాక్టరు ట్రాలీ మీద పడవొచ్చింది.

నరసన్నపేట బైపాస్ పక్కన పాతికేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. లారీలు, వ్యాన్లు, వరికోత మిషన్లు, పెళ్లి ఊరేగింపు జనరేటర్లు అన్నీ వచ్చాయి గానీ పడవ రావడం ఇదే మొదలు. తెల్లటి ఫైబరు పడవ. ముక్కు పైకెత్తి, నా షెడ్డును చూసి “ఇదేనా?” అన్నట్టు నిలబడింది.

తెచ్చినవాడు అసిరయ్య. కళింగపట్నం అవతల, వంశధార సముద్రంలో కలిసే మొగ పక్కన వాళ్ల ఊరు. పోయిన ఏడు ఆ మొగలో పడవ బోల్తాపడి నలుగురు పోయారు. అందులో ఒకడు అసిరయ్య తమ్ముడు. ఈదుతూ ఒడ్డుకి కనిపిస్తూనే ఉన్నారట. ఉన్న పడవలు అక్కడికి చేరేసరికి ఆలస్యమైపోయింది. అందుకని ఊరంతా కలిసి విశాఖపట్నంలో ఒక పాత షికారు పడవని వేలంలో పాడుకున్నారు. చేపలకి కాదు, మనుషుల్ని తియ్యడానికి.

“సెవిమేస్త్రీ, నువ్వే సూడాల,” అన్నాడు అసిరయ్య. “ఇంజన్ కడుపులో నొప్పి నీకు ఇనబడతాది అంతారు.”

నిజమే. స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, ఏ వాల్వు వదులుగా ఉందో చెప్పేవాణ్ని. అందుకే చంద్రమౌళి అనే పేరు పోయి సెవిమేస్త్రి మిగిలింది.

చెప్పేవాణ్ని అని రాశాను. చెప్తాను.

నవంబరు 5

ఇంజన్ విప్పాను. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. ఉప్పునీరు లోపలిదాకా వెళ్లి వచ్చింది. క్యామ్‌షాఫ్టు మీద మెట్టలన్నీ తుప్పు తిని అరిగిపోయాయి. ఆ మెట్టలే కదా వాల్వుల్ని లేపి దించేది! అవి పోతే ఇంజన్‌కి ఊపిరి తీసుకోవడం, వదలడం రెండూ రావు.

మిగతావన్నీ బాగుచెయ్యొచ్చు. క్యామ్ మాత్రం కొత్తది కావాలి. ఎలాంటిదన్నది నేను ఎంచాలి. అసిరయ్య నా మొహం చూసి “నీకు తోసినట్టు కానీ బాబూ” అనేసి వెళ్లిపోయాడు. వాడిలా నమ్మేస్తే నాకు చిరాకు.

నవంబరు 6

పప్పు మెత్తగా ముద్దయిపోయింది. కుక్కరు మూడు కూతలకి స్టవ్వు కట్టెయ్యమని చెప్పి మా ఆవిడ ధనలక్ష్మి పెరట్లోకి వెళ్లిందట. నేను పక్కగదిలోనే ఉన్నాను.

“ఏడు కూతలు కూసింది మావా! వీధి సివర ఉన్నోలికి ఇనబడింది. సెవుల్లో ఏటెట్టుకున్నావు?”

ఆలోచనలో ఉన్నానన్నాను. ఉన్నాను కూడా.

నవంబరు 9, శనివారం

ఇవాళ ఒక జీపు వచ్చింది. మా షెడ్డుకి కాదు, ఎదురుగా టీ బడ్డీకి. పెద్ద టైర్లు, పొడుగు పొగగొట్టం. ఎవరో సరదా మనిషి రేసు క్యామ్ వేయించుకున్నాడు. ఇంజన్ ఆపకుండానే దిగి టీ తాగుతున్నాడు.

గుడుం. గుడుం... గుడుం. గుడుం.

రోడ్డు ఇవతల నా గుండెలో కొట్టింది. ఎన్నాళ్లయింది అలా ఒక ఇంజన్ నాతో మాట్లాడి! చేతిలో స్పానరుతో అలాగే నిలబడిపోయాను. ఆ మనిషి టీ తాగి, బిస్కట్టు తిని, ఫోను చూసుకుని, వెళ్లిపోయాడు. బండి పోయాక హైవే అంతా దూది పరిచినట్టయింది. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. చప్పుడు మాత్రం ఎక్కడో బావి అడుగున.

మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో మా నాన్న ఆయిల్ ఇంజన్. చిన్నప్పుడు మా పొలంలో, ఏటి ఒడ్డున ఉండేది. దాని చప్పుడుతోనే నాకు నిద్రొచ్చేది. అది ఆగితే మెలకువొచ్చేది. కలలో ఇంజన్ తిరుగుతోంది, నీళ్లు మడిలోకి దూకుతున్నాయి, నాన్న ఏదో అంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి. “గట్టిగా చెప్పు నాన్నా” అన్నాను. ఆయన నవ్వి నీళ్లలోకి దిగిపోయాడు.

నవంబరు 13

శ్రీకాకుళం వెళ్లాను. గాస్కెట్ కోసం.

నవంబరు 14, గురువారం

కోయంబత్తూరులో క్యామ్‌లు అరగదీసి ఇచ్చే షాపు ఒకటుంది. అక్కడ తెలుగు రాసేవాడు ఉన్నాడు. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో రాయండి అన్నాను. ఇంజన్ వివరాలు పంపాను. సాయంత్రానికి రెండు క్యామ్‌ల కొలతలు పంపాడు.

ఒకటి, మెట్టల మధ్య కోణం నూటెనిమిది డిగ్రీలది. రేసు క్యామ్. పొగ పోయే వాల్వు పూర్తిగా మూసుకోకముందే గాలి వచ్చే వాల్వు తెరుచుకుంటుంది. రెండూ కాసేపు కలిసి తెరిచి ఉంటాయి. బండి వేగంలో ఉంటే అదే దానికి బలం. నిదానంగా ఉన్నప్పుడు మాత్రం ఎగుడుదిగుడుగా, జీపులా, గుడుం గుడుం అని కొట్టుకుంటుంది.

రెండోది నూటపద్నాలుగు. రెండు వాల్వులూ దాదాపు ఒకదాన్నొకటి చూసుకోవు. నిదానంలో నున్నగా, పిల్లి నడిచినట్టు తిరుగుతుంది. వేగం కాస్త తక్కువ.

కింద ఒక ప్రశ్న రాశాడు: “సర్, పడవ అంటున్నారు. పొగగొట్టంలో నీళ్లు కలుస్తాయా? తడా, పొడా?”

రేపు జవాబు రాస్తాను.

నవంబరు 15

ఇవాళ కార్తీక పౌర్ణమి. ధనలక్ష్మి ఉపవాసం. నూటెనిమిది అంటే అష్టోత్తరం కదా అనిపించింది. శుభమే.

మెకానిక్కు ఇలా ఆలోచిస్తాడా? ఛీ.

నవంబరు 18

అసిరయ్య వచ్చాడు. మొగ దాటడం ఎలాగని అడిగాను. షెడ్డు నేలమీద, ఆయిల్ మరకల మధ్య, సుద్దముక్కతో గీసి చూపించాడు.

“ఇదిగో, ఏరు ఇలగొచ్చి కలుస్తాది. ఇక్కడ ఇసక మేట. కెరటం ఇక్కడే ఇరుగుతాది. మనం లోపలే ఆగాల. ఒకటి, రెండు, మూడు పెద్దయి వస్తాయి. అయి పోయాక నీరు ఊపిరి పీల్సుకున్నట్టు అణుగుతాది సూడు, అప్పుడు దూరిపోవాల.”

“ఎంతసేపు ఆగాలి?”

“అది మన సేతిలో నేదు. ఒక్కోపాలి రెండు నిమిసాలు. ఒక్కోపాలి అరగంట. ఇంజన్ మాత్రం ఆడతానే ఉండాల. ఆగిందా, ఏరు మనల్ని కెరటం కిందకి తోసేస్తాది. మా తమ్ముడోలికి అదే అయ్యింది.” సుద్దముక్కతో మొగలో ఒక చుక్క పెట్టి, “మనిసిని నీల్లలోంచి తీసేటప్పుడూ అంతే బాబూ. పక్కన నిదానంగా నిలబెట్టాల. ఎల్లడం ఎవుడైనా ఎల్తాడు. నిలబడ్డమే కస్టం,” అన్నాడు.

“వేగం కూడా కావాలి కదా!” అన్నాను నేను.

“కావాల,” అన్నాడు. ఎందుకో అనుమానంగా నాకేసి చూశాడు.

వాడు వెళ్లాక సుద్దగీత చాలాసేపు చూశాను. తుడవలేదు.

నవంబరు 20

కోయంబత్తూరు: “సర్, తడా పొడా? జవాబు రాలేదు.”

నవంబరు 21

ఈ ప్రశ్న వాడెందుకు అడుగుతున్నాడో నాకు తెలియక కాదు. ముప్ఫైయ్యేళ్ల అనుభవం నాది.

ఈ పడవలో ఇంజన్‌ని చల్లబరిచిన సముద్రపు నీరే తిరిగి పొగగొట్టంలో కలిసి, పొగతో పాటు వెనకనుంచి బయటికి పోతుంది. తడి గొట్టం. లేకపోతే రబ్బరు గొట్టం కాలిపోతుంది. రేసు క్యామ్ ఉన్న ఇంజన్ నిదానంలో తిరిగితే, వదిలిన ఊపిరిని కాస్త వెనక్కి లాక్కుంటుంది. రోడ్డుమీద జీపయితే వెనక్కొచ్చేది ఉత్త పొగే. పడవలో పొగతో పాటు నీళ్లు. బొట్టు బొట్టుగా వాల్వు దాకా, వాల్వు దాటి సిలిండర్లోకి.

అయితే అన్ని ఇంజన్లకీ అలా జరగాలని లేదు. గొట్టం వంపు ఎత్తుగా ఉంటే నీరు రాదు. నేను వంపు ఎత్తుగా పెడతాను.

నవంబరు 22

రాశాను: “అర్జెంటు. నూటెనిమిది పంపండి.”

తడో పొడో రాయలేదు.

నవంబరు 27

“ఏటి మావా, టీవీ అంత సౌండు! పక్కింటోలు మన సీరియలే సూస్తన్నారు, ఆలింట్లో టీవీ కట్టేసి,” అంది ధనలక్ష్మి.

నవ్వాను. తను నవ్వలేదు. నా చెవికేసి చూసింది. లేచి షెడ్డుకొచ్చేశాను.

డిసెంబరు 1, ఆదివారం

షెడ్డులో ఎవరూ లేరు. కొత్త క్యామ్ ఇంకా రాలేదు. పడవలో ఎక్కి కూర్చున్నాను. నేలమీద పడవలో కూర్చుంటే మనమే తేలుతున్నట్టుంటుంది. చెవిలో శంఖం పెట్టుకున్నట్టు హోరు. ఆరు నెలలుగా ఉంది. గుబిలి అనుకున్నాను. నూనె వేసుకున్నాను. వెల్లుల్లి వేసుకున్నాను.

శ్రీకాకుళం వెళ్లింది గాస్కెట్ కోసం కాదు.

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి డబ్బాలు తగిలించారు. చప్పుడు వినిపిస్తే వేలెత్తాలట, బళ్లో పిల్లాడిలా. లావు చప్పుళ్లకి ఎత్తాను. తర్వాత ఎత్తలేదు. తర్వాత చాలాసేపు ఎత్తలేదు. అద్దం అవతల డాక్టరమ్మ మీట నొక్కుతూనే ఉంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. కాగితం మీద గీత గీసి ఇచ్చింది. క్యామ్ గీతయితే లేచి, గుమ్మటంలా తిరిగి, దిగుతుంది. ఎంత అందం! ఇది లేవలేదు. రేవు మెట్లలా దిగడమే.

ఇంజన్ల మధ్య బతికిన చెవులకి సన్న చప్పుళ్లు ముందు పోతాయట. వాల్వు టిక్కుటిక్కు. కుక్కరు కూత. మనుషుల మాటల్లో చివర్లు. లావు చప్పుడు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటుందట. మిషను పెట్టుకోమంది. సెవిమేస్త్రి చెవికి మిషనా! నరసన్నపేట మొత్తం నవ్వుతుంది.

ఈ పేజీ చింపెయ్యాలి.

డిసెంబరు 4

క్యామ్ వచ్చింది. నూనె కాగితం విప్పితే నల్లగా నిగనిగలాడుతోంది. ఒళ్లో పెట్టుకుని వేళ్లతో మెట్టలు తడిమాను. బుద్ధి తక్కువ పని గానీ, చెవికి ఆనించి చూశాను కూడా.

డిసెంబరు 12

ఇంజన్ బిగించాను. వంపు ఎత్తుగా పెట్టాను. పెట్టగలిగినంత ఎత్తు.

డిసెంబరు 15, ఆదివారం

ముందు మంచి సంగతి రాస్తాను.

పొద్దున్న ఏట్లో దింపాం. పొగమంచు లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఊరంతా ఒడ్డున. అసిరయ్య భార్య జగ్గమ్మ కొబ్బరికాయ కొట్టి, పడవ ముక్కుకి పసుపు రాసింది. నేను తాళం తిప్పాను.

గుడుం. గుడుం... గుడుం. గుడుం.

విన్నాను. నేను కట్టిన ఇంజన్ చప్పుడు నేను విన్నాను. గుండెలో, పళ్లలో, అరికాళ్లలో. ఒడ్డున పిల్లలు ఎగురుతున్నారు. “ఓలమ్మో, పులినాగ గుర్రుమంతందిరా!” అని ఎవరో అన్నారు, అది కూడా విన్నట్టే అనిపించింది. కళ్లలో నీళ్లొచ్చాయి. ఉప్పుగాలి అని చెప్పాను. నీళ్లమీద పరిగెత్తించాం. పడవ ముక్కు లేచి గాలిలో నడిచింది. ఆ పావుగంటలో నాకు నలభై ఏళ్లు కూడా లేవు.

తర్వాత మొగ దగ్గరికి వెళ్లాం. అసిరయ్య ఆపాడు. ఇంజన్ నిదానంలో ఉంచాడు. చెయ్యెత్తి ఒకటి, రెండు, మూడు అని కెరటాలు లెక్కపెడుతున్నాడు. సందు దొరకలేదు. మళ్లీ ఒకటి, రెండు, మూడు. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. పది నిమిషాలయ్యుంటుంది. గుడుం మధ్య ఎడం ఎక్కువైంది. పాటలో గమకం అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ని!

ఆగిపోయింది.

తాళం తిప్పితే ఒక్కసారి ముక్కి, బిగుసుకుపోయింది. ఏరు తోస్తోంది. ముందు కెరటం లేచి, విరిగి, తెల్లగా పడుతోంది. అసిరయ్య నోరు తెరిచి నాతో ఏదో అరుస్తున్నాడు. నాకు తెలియలేదు. కలలో నాన్నలా పెదాలు మాత్రం. చివరికి వాడే నన్ను పక్కకి తోసేసి లంగరు ఎత్తి విసిరాడు. అది ఇసకలో జారింది. జారింది. పట్టింది. లంగరు నువ్వు పడెయ్ అని అరిచాడట అంతసేపూ. నా కాళ్ల దగ్గరే ఉంది అది.

ఊరి పడవలు రెండు వచ్చి తాళ్లు కట్టి లాక్కొచ్చాయి.

ఒడ్డున ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పాను. నాలుగు కన్నాల్లోంచీ నీళ్లు చిమ్మాయి. మొహం మీద పడ్డాయి. ఉప్పగా ఉన్నాయి. తుప్పు పట్టకుండా అప్పటికప్పుడు నీళ్లన్నీ తోసేసి, ఆయిల్ పోసి, తిప్పి తిప్పి ఉంచాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా నాకు వినిపించేది కాదు.

డిసెంబరు 16

గొట్టం వంపు చాల్లేదు.

డిసెంబరు 17

వంపు సరిగానే ఉంది. కొలిచాను. రబ్బరు గొట్టానికి చిల్లు ఉండాలి.

డిసెంబరు 18

చిల్లు లేదు.

డిసెంబరు 19, గురువారం

అసిరయ్య షెడ్డుకి వచ్చాడు. నేలమీద వాడి సుద్దగీత ఇంకా ఉంది. దాని పక్కనే కూర్చున్నాడు.

“తప్పు నాదే అసిరయ్యా. క్యామ్ తప్పు ఎంచాను. తెలిసే ఎంచాను.”

“తెలిసి ఎందుకెంచావు బాబూ?”

“వేగం కోసం.”

వాడు బీడీ తీసి, పెట్రోలు వాసన చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “మా తమ్ముడు కూడా బేగి ఎల్లాలనే ఎల్లాడు,” అన్నాడు. అంతే. కొట్టినా బాగుండేది.

వేగం కోసం కాదు. ఇక్కడైనా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? ఆ చప్పుడు నాకు వినబడుతుందని ఎంచాను. నున్నటి ఇంజన్ నాకు వినబడదు. మనుషుల్ని నీళ్లలోంచి తియ్యడానికి కట్టిన పడవకి, నా చెవికి నచ్చిన గుండె పెట్టాను. ఆ లంగరు జారుతూనే పోయుంటే?

పేజీ చింపను. ఉండనీ.

డిసెంబరు 20

కోయంబత్తూరుకి రాశాను: “తడి.”

రెండు నిమిషాల్లో జవాబు: “అనుకున్నాను సర్. నూటపద్నాలుగు ఎప్పుడో తీసి పక్కన పెట్టాను.”

నాలో నేనే నవ్వుకున్నాను. చాలా రోజులకి.

డిసెంబరు 29, ఆదివారం

మంచు. పొద్దు పదైనా ఎదుటి టీ బడ్డీ కనిపించలేదు. లారీలు దీపాలతో, దయ్యాల్లా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడు చేస్తూనే పోతున్నాయేమో.

కునుకులో మళ్లీ ఆయిల్ ఇంజన్. ఈసారి నాన్న లేడు. ఇంజన్ మాత్రం ఏటి మధ్యలో, నీళ్లమీద తేలుతూ తిరుగుతోంది. చప్పుడు లేదు. నేను దాని మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పశువు పక్కటెముకల మీద చెయ్యి పెట్టినట్టు కదులుతోంది. మెలకువొచ్చినా అరచేతిలో ఆ కదలిక కాసేపు మిగిలింది.

జనవరి 5, ఆదివారం

నూటపద్నాలుగు వేశాను. ఈసారి మొగ దాకా వెళ్లలేదు. ఏట్లోనే, కట్టుకొయ్యకి పడవని కట్టేసి, నలభై నిమిషాలు నిదానంలో తిప్పాను.

ఏమీ వినబడలేదు. తాళం తిప్పాక “ఆడుతోందా?” అని అడగబోయి నోరు కట్టుకున్నాను. జగ్గమ్మ దగ్గర స్టీలు గ్లాసు అడిగి, నిండా నీళ్లు పోసి, ఇంజన్ మూత మీద పెట్టాను. నీళ్లమీద సన్నటి వలయాలు. ఒకదాని వెనక ఒకటి, ఎడం తప్పకుండా. ఒక్క బొట్టు ఒలకలేదు. మూతమీద అరచెయ్యి ఆనించి, గ్లాసు చూస్తూ నలభై నిమిషాలు కూర్చున్నాను.

“ఏటి సూస్తన్నావు బాబూ, నీల్లల్లో?” అని అడిగింది జగ్గమ్మ. దగ్గరగా వచ్చి అడిగింది గనక తెలిసింది.

“పరీక్ష,” అన్నాను.

ప్లగ్గులు విప్పి చూశాం. నాలుగూ పొడి. బిస్కట్టు రంగు. అసిరయ్య వేలితో రాసి, నాలిక మీద పెట్టుకుని, “ఉప్పు నేదు!” అని గంతేశాడు.

అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. దారిలో బస్సులో మాత్రం ఏడుపొచ్చింది. నా పనుల్లోకెల్లా మంచి పని ఇది. దాన్ని నేను వినలేను.

జనవరి 12

తీరిక లేదు. రెండు లారీలు. ఒకదానిది ఏ వాల్వో కనుక్కోలేక నాలుగూ సరిచేశాను. డ్రైవరు “ఏటి మేస్త్రీ, సెవెట్టలేదా?” అన్నాడు. జలుబు చేసిందన్నాను.

జనవరి 23, గురువారం

ఆయిల్ మార్చడానికి పొద్దున్నే మొదటి బస్సుకి వాళ్ల ఊరు వెళ్లాను. పని అయిపోయింది. టీ తాగుతుంటే మంచు దిగింది. ఏరు లేదు, సముద్రం లేదు, ఎదుటి మనిషి కూడా బట్టల్ని బట్టి పోల్చుకోవడమే. పాలలో నిలబడ్డట్టు ఉంది.

అందరూ ఒక్కసారి మొగ వైపు తిరిగారు. నాకేమీ తెలియలేదు. తర్వాత పరుగులు చూసి తెలిసింది. వేటనుంచి తిరిగొస్తున్న పడవ మొగలో బోల్తాపడింది. ముగ్గురున్నారు అందులో. అరుపులు వస్తున్నాయట.

అసిరయ్య, ఇంకో ఇద్దరు తెల్లపడవ ఎక్కారు. నేను చూస్తుండగానే మంచు దాన్ని మింగేసింది. దూరం మహా అయితే పావు మైలు. దూరం అనే మాటకే అర్థం లేదు అక్కడ.

ఒడ్డున ఆడవాళ్లు. ఎవరూ ఏడవడం లేదు. చెవులు రిక్కించి నిలబడ్డారు. కెరటాల హోరు, నా చెవిలో హోరు, నాకు రెండూ ఒకటే. జగ్గమ్మ తడబడుతూ నా దగ్గరికొచ్చింది. నా చొక్కా పట్టుకుంది.

“సెవిమేస్త్రీ! సముద్రం మోతలో మాకు సరీగా తెలిత్తం నేదు. నీకు తెలుస్తాది. ఇంజన్ ఆడతందా, ఆగిపోయిందా? సెప్పు బాబూ!”

అందరి మొహాలూ నావైపు తిరిగాయి. నలుగురు పోయిన రోజు కూడా వీళ్లిలాగే ఇక్కడే నిలబడి ఉంటారు.

“ఆడుతోంది” అనొచ్చు. ఎంత తేలిక! నిజం కూడా అయ్యుండొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆగిపోయి ఉంటే మాత్రం ఇంకో పడవని తొయ్యాలి, ఇప్పుడే, ఈ నిమిషమే. నా మాట నమ్మి వీళ్లు ఆగుతారు.

“నాకు వినబడదు జగ్గమ్మా,” అన్నాను. “నాకు చెవులు పోయాయి. ఏడెనిమిది నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. నువ్వు విను. సముద్రం లావు చప్పుడు, దాన్ని వదిలెయ్. దాని కింద సన్నగా, ఎడం లేకుండా, కుట్టుమిషనులా ఉంటుంది. దాన్ని పట్టుకో. నాకు చెప్పు.”

జగ్గమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. ఒక్క క్షణమే. జాలిపడే తీరిక లేదు తనకి. కళ్లు మూసుకుంది. మొహం మంచులోకి ఎత్తింది. ఎంతసేపో తెలియదు.

తర్వాత నా చెయ్యి అందుకుంది. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. టిక్ టిక్ టిక్ టిక్. ఒకే ఎడం. తొట్రుపాటు లేదు. చేపలు కోసి కోసి గరుకెక్కిన వేళ్లు. గ్లాసులో వలయాలు నా చర్మం మీద నడిచాయి.

వాళ్లు అక్కడ నిలబడ్డారు. ఇంజన్ ఆగలేదు. ఒక మనిషిని తీస్తున్నారు. టిక్ టిక్ టిక్ టిక్. ఇంకొకణ్ని. జగ్గమ్మ కళ్లు తెరవలేదు. పెద్ద కెరటం మోత ఇంజన్‌ని మింగినప్పుడు వేళ్లు గాల్లో ఆగేవి, మళ్లీ అందుకునేవి. నూటపద్నాలుగు డిగ్రీలు. నేను ఎంచిందే. ఇన్ని నెలల తర్వాత, నా ఇంజన్ని నేను విన్నాను.

ఉన్నట్టుండి వేళ్లు వేగం అందుకున్నాయి. టికటికటికటిక.

“తిరిగొస్తన్నారు!” అంది జగ్గమ్మ. ఇది పెదాల మీద చదివాను.

పడవ ముక్కు మంచులోంచి బయటికొచ్చింది. పసుపు ఇంకా ఉంది దానిమీద. వెళ్లిన ముగ్గురు, తెచ్చిన ముగ్గురు. ఒకడు వాంతి చేసుకుంటున్నాడు. వాడి అమ్మ నీళ్లలోకి నడుముదాకా దిగిపోయింది.

అసిరయ్య ఒడ్డుకొచ్చి నాతో ఏదో గబగబా చెప్పాడు. జగ్గమ్మ వాడి భుజం మీద ఒక్కటిచ్చి, తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. వాడు ఆగాడు. లంగరు రోజు గుర్తొచ్చినట్టుంది, మొహం మారింది. తర్వాత నా ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనిపించేలా, నిదానంగా చెప్పాడు.

“ముప్పావుగంట. ఒక్కపాలి కూడా దగ్గలేదు.”

జనవరి 24

ధనలక్ష్మికి చెప్పాను.

“నాకు తెల్దేటి?” అంది. “నువ్వు సెప్తావని సూస్తన్నాను. వచ్చేవారం ఎల్లి ఆ మిషను తెచ్చుకుందాం.” అని నా వీపుమీద ఒకటి కొట్టి వంటింట్లోకి పోయింది.

జగ్గమ్మ సంగతి కూడా చెప్పాను, మణికట్టు, వేళ్లు, అంతా. స్టవ్వు మీద కుక్కరు పెడుతూ విన్నదో లేదో తెలియలేదు.

కాసేపటికి వచ్చి పక్కన కూర్చుంది. నా చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. మణికట్టు మీద వేలితో ఒకసారి కొట్టింది. కాసేపాగి ఇంకోసారి. ఇంకాసేపాగి మూడోసారి.

లేచి వెళ్లి స్టవ్వు కట్టేశాను.